రెండో పిడి

మా గల్లీలో కొత్త బండి కొన్న కుర్రాడు మొదట దానికి కొబ్బరికాయ కొడతాడు, ఆ తర్వాత దాని సైలెన్సర్ పీకేస్తాడు. ఇంజనుకు ఊపిరాడుతుందట, పికప్ పెరుగుతుందట. నేను మెకానిక్‌గా చేసి రిటైరయ్యానని తెలిసి అప్పుడప్పుడు నా అరుగు మీదికొచ్చి కూర్చుంటారు. "తాతా, కంపెనీ ఇచ్చినట్టే ఉంచుకోవాల్నా, మార్చుకోవాల్నా?" అని అడుగుతారు. ఉంచుకోండిరా అంటే ముఖాలు చిన్నబోతాయి. ముసలాయనకు చాదస్తం అని గుసగుసలాడుకుంటూ లేచిపోతారు. చాదస్తమే, కాదనను. నా కొలువు మొత్తం ఆ చాదస్తంతోనే నడిచింది. ఒక్క రోజు మాత్రం నలుగురి ముందు దాన్ని గాలికి వదిలేశాను. పిల్లలూ, ఆ రోజు సంగతి మీకు చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న కాలం. వరంగల్‌లో ఒక సర్కారు కలప డిపోలో నేను మెకానిక్‌ని. మాది తొర్రూరు పక్క పల్లె. అక్కడ ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తూ పని నేర్చుకుని ఈ కొలువులో పడ్డాను. ఏటూరునాగారం వైపు అడవుల నుంచి లారీల్లో టేకు, మద్ది దుంగలు వచ్చి పడేవి. వాటిని కొలతకు కోయించి, వరుసలుగా పేర్పించి, వేలం వేసేవాళ్లు. లారీలు, నీళ్ల మోటారు, దుంగలెత్తే చైన్ పుల్లీ నా బాధ్యత. కొత్తవాడలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. వంట చేయడం రాదు, తినడం బాగా వచ్చు.

దుంగలు కోసేవాళ్లు ఇద్దరు, బావ, బామ్మర్ది. నిజంగానే బావాబామ్మర్దులు. డిపోలో ఎవరూ వాళ్ల పేర్లు వాడేవారు కాదు. హాజరు పిలిచేటప్పుడు కూడా 'బావ' అంటే ఒకాయన, 'బామ్మర్ది' అంటే ఇంకొకాయన చెయ్యెత్తేవారు. బావ పొడుగు మనిషి, నిదానస్తుడు, నాలుగు మాటలడిగితే ఒకదానికి జవాబిస్తాడు. ఆ మిగతా మూడింటికీ బామ్మర్ది జవాబిస్తాడు. ఇద్దరి చేతుల్లో మనిషంత పొడుగు రంపం, దానికి రెండు కొసలా రెండు పిడులు. దుంగకు ఈ పక్క బావ, ఆ పక్క బామ్మర్ది.

ఆ రంపానికి ఒక మర్యాద ఉంది. లాగాలి, నెట్టకూడదు. నీ వంతు లాగాక చేతులు వదులు చేసి ఊరుకోవాలి, అప్పుడు అవతలివాడు లాక్కుంటాడు. నువ్వు బిగబట్టుకుంటే వాడికి బరువు, నెట్టావంటే రంపం వంగి దుంగలో ఇరుక్కుంటుంది. కొత్తవాళ్లకు లాగడం ఒక్క పూటలో వస్తుంది, వదలడం రావడానికి ఏళ్లు పడుతుంది. వీళ్లిద్దరూ పెళ్లి కాకముందు నుంచీ కలిసి లాగుతున్నవాళ్లు. దుంగ ఎంత లావుదైనా అవతలి మనిషి ముఖం కనిపించేలా కూర్చుని కోసేవాళ్లు. వేళాకోళాలు కూడా రంపం లెక్కనే అటూ ఇటూ నడిచేవి.

"ఏందే బామ్మర్దీ, పొద్దుగాల తిన్లేదా? రంపం నీ దిక్కు పోతనే లేదు."

"మా అక్క వండిందంత నువ్వే మింగి వస్తివి. నాకేం మిగిల్చినవ్ బావా?"

బావ భార్యే ఆ అక్క. బామ్మర్దికి తోడబుట్టింది. కొత్తవాడలో నా గదికి రెండు ఇళ్ల అవతల వాళ్ల రెండు కుటుంబాలూ ఒకే వాకిట్లో ఉండేవి. ఆమె జంపఖానాలు నేసే మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. మధ్యాహ్నం ఇద్దరికీ సద్ది మూట కట్టుకుని డిపోకు నడిచి వచ్చేది. ఆ మూటలో నాకూ ఒక జొన్నరొట్టె ఉండేది. ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో నాకు తెలియదు. "ఒక్కడే పోరడు, ఏం తింటాండో ఏమో" అని ఒకసారి తెచ్చింది, ఇక ఆపలేదు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ రొట్టెల రుచి మరవలేదు.

అలా ఉండగా ఒక రోజు చెక్క పెట్టెలో మిషన్ రంపం వచ్చింది. విదేశీ కంపెనీది. పెట్రోలు ఇంజను, ముందు పొడుగాటి ఇనుప పట్టీ, దాని చుట్టూ పళ్ల గొలుసు. తాడు లాగితే చాలు, డిపో అంతా దద్దరిల్లిపోయేది. పెట్టెలో బొమ్మలున్న ఒక పుస్తకం కూడా ఉంది. దాన్ని నేను పరీక్షకు చదివినట్టు చదివాను. మిషన్ వాసనకు, దాని తీరుకు నేను ముగ్ధుణ్ణయ్యానని దాచను. ఎక్కడా ఒక్క స్క్రూ ఎక్కువ లేదు, ఒక్క స్క్రూ తక్కువ లేదు.

మొదటి రోజు దాన్ని బావ చేతికిచ్చాను. ఎట్లా పట్టుకోవాలో చెప్పాను, ఎట్లా నిలబడాలో చూపించాను. ఆయన తల ఊపి మొదలుపెట్టాడు. గొలుసు దుంగలో దిగింది. దిగగానే ఆయన తన వైపుకు లాగి, అలవాటు చొప్పున చేతులు వదులు చేశాడు. అంతే, పట్టీ కొస గభాలున పైకెగిరి ఆయన తలగుడ్డ అంచును చీల్చుకుపోయింది. నేను ఉరికి స్విచ్చి ఆపాను.

"వదలొద్దు బావా! ఇది మీ పాత రంపం కాదు. అవతల లాగేటోడు ఎవ్వడూ లేడు!"

అవతల చూస్తే బామ్మర్ది ఉన్నాడు. చేతుల్లో ఏమీ లేకపోయినా రోజూ కూర్చునే చోటే, అదే తీరులో దుంగకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. "నేనీడ కూసుంటి గదా, ఎవ్వడు లేడంటవేంది?" అన్నాడు. అందరం నవ్వాం. బావ మాత్రం నవ్వలేదు. చిరిగిన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని ఆ అవతలి పక్కకే చూస్తూ నిలబడ్డాడు.

బావకు, ఆయన తర్వాత బామ్మర్దికి మిషన్ అలవాటు కావడానికి వారాలు పట్టింది. ఈ లోపల మా ఉస్తాద్ చూపు దాని మీద పడింది. ఉస్తాద్ నాకంటే పెద్ద మెకానిక్, వయసులోనూ పనిలోనూ. ఆయన చేతిలో పడ్డ ఏ మిషనూ వచ్చిన రూపంలో తిరిగి వెళ్లలేదు. లారీ హారనుకు రెండో గొంతు పెట్టినవాడు ఆయన. ఆయనకూ నాకూ ఈ విషయంలో రోజూ యుద్ధమే, చాయ్ తాగేటప్పుడు మాత్రం సంధి.

"అరె మియా, కంపెనోడు దీన్ని చల్ల దేశం కోసం చేసిండు. మన ఎండ వానికెరుకనా? మన టేకు వానికెరుకనా? సైలెన్సర్ జర ఖుల్లా చేద్దాం, పండ్లు జర రాకుదాం. చూడు మల్ల ఎట్ల కోస్తదో."

"చేసినోనికంటే మనకెక్కువ తెలుసా ఉస్తాద్?"

"దర్జీ కుట్టిన అంగీ అయినా తొడుక్కునేటోడు సరిచేయించుకుంటడా లేదా? అప్పుడు దర్జీ ఏమన్న ఏడుస్తడా?"

గొలుసులో ప్రతి పన్ను ముందూ ఒక చిన్న బుడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతుకు కొరకాలో అది చూసుకుంటుంది. ఉస్తాద్ ఆ బుడిపెలన్నీ ఆకురాయితో రాకేశాడు. సైలెన్సర్‌కు బెజ్జాలు కొట్టాడు. నిజం చెప్పాలి కదా, మిషన్ ఎగిరింది. దుంగ వెన్నముద్దలా తెగింది. డిపోలో అందరూ చప్పట్లు కొట్టారు. ఉస్తాద్ నా వైపు చూసి మీసం దువ్వాడు. కోసే బావ మాత్రం సాయంత్రానికి చేతులు ఆడించుకుంటూ, "గిది రంపం కాదే తమ్మీ, తాడు తెంపుకున్న కోడె" అన్నాడు.

ఎండలు ముదిరాయి. ఒక మిట్టమధ్యాహ్నం మిషన్ కేకపెట్టి ఆగిపోయింది. తాడు లాగితే కదలదు. విప్పితే లోపల పిస్టన్ పట్టేసి, గీతలు పడి, నల్లగా మాడిపోయి ఉంది. సైలెన్సర్ బెజ్జాల వల్ల గాలి ఎక్కువై, పెట్రోలుతో కలిసి లోపలికెళ్లే నూనె తక్కువై ఇంజను తనను తానే తినేసింది. కొత్త పిస్టన్ హైదరాబాద్ నుంచి వచ్చేదాకా పని ఆగింది. అది వచ్చాక నేనే బిగించాను. బెజ్జాలు మూశాను, కొత్త గొలుసు వేశాను. పుస్తకంలో బొమ్మ ఎట్లా ఉందో అట్లా చేసి పెట్టాను. మిషన్ మళ్లీ పిల్లిలా పని చేసింది.

నేను ఊరుకున్నానా? "కంపెనీది కంపెనీ తీరుగనే ఉండాలె" అన్న మాట డిపోలో దండోరా వేసినట్టు వేశాను. హనుమకొండ నుంచి అటవీ శాఖ పెద్ద సారు తనిఖీకి వచ్చినప్పుడు ఆయనకూ చెప్పాను. కంపెనీ మిషన్‌లో లోపం ఉండదు సార్, ఉంటే మన చేతుల్లోనే ఉంటుంది అన్నాను. ఆయన మెచ్చుకున్నాడు కూడా. ఉస్తాద్ పక్కనే ఉండి అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. "గెలిచినవ్ మియా, ఇగ చాయ్ తాగించు" అన్నాడు.

వానలు మొదలయ్యే ముందు పైనుంచి మాట వచ్చింది. మిషన్ రంపానికి ఒక్క మనిషి చాలు. ఆ ఒక్కణ్ణి పర్మినెంటు చేస్తారు. రెండో మనిషిని పనిలోంచి తీసేస్తారు. ఎవరిని ఉంచాలో పెద్ద సారు స్వయంగా వచ్చి చూసి తేలుస్తారు.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య వేళాకోళాలు ఆగిపోయాయి. పోట్లాడుకున్నా బాగుండేది. ఒకరికొకరు మర్యాద చేసుకోవడం మొదలుపెట్టారు. "నువ్వు కొయ్ బావా", "కాదు తియ్, నువ్వు కొయ్" అంటూ. బామ్మర్ది నోట్లోంచి 'కాదు తియ్' వినడం నాకు దుఃఖంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం అక్క సద్ది మూట విప్పి ఇద్దరికీ పెట్టింది. నా రొట్టె పట్టుకుని నా షెడ్డులోకి వచ్చింది. ఇచ్చి వెళ్లలేదు. అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఒక్కరినే ఉంచుతరంట గదా తమ్మీ?"

"అట్లనే అంటాన్రు అక్కా."

"మా ఆయన ఉంటే నా తమ్మునింట్ల పొయ్యి ఆరిపాయె. తమ్ముడుంటే నా ఇంట్ల పొయ్యి ఆరిపాయె. ఏ దేవునికని మొక్కాలె? ఏమని మొక్కాలె? నోరు తెరిస్తే ఎవలికో ఒగలికి శాపమైతది."

నేను రొట్టె తుంచి నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆమె షెడ్డు మధ్యలో బల్ల మీద ఉన్న మిషన్ దగ్గరికి వెళ్లింది. దాన్ని మొదటిసారి దగ్గరగా చూస్తున్నట్టుంది. ఇంజను దగ్గర పిడిని చేత్తో తడిమింది. తర్వాత పట్టీ కొస దాకా చూసింది.

"మా ఇంట్ల ఇసుర్రాయికి పిడి ఒక్కటే. నేనూ మా మరదలూ ఎదురెదురుగ కూసోని చెరో చెయ్యి ఏస్తం. ఇంత పొడుగున్నది, ఈ కొసకు ఇంకో పిడి పెట్టరాదా? ఇద్దరు పట్టుకుంటరు."

"అక్కా, అది కంపెనీ మిషన్. దానికి బొక్క కొట్టుడు నాతోని కాదు. మొన్ననే గదా ఉస్తాద్‌తోని కొట్లాడితి."

"అట్లనా" అంది. గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది.

మరునాడు మధ్యాహ్నం మళ్లీ నా రొట్టె నాకు వచ్చింది. ఆ పై రోజూ వచ్చింది. ముఖంలో కోపం లేదు, మాటలో తేడా లేదు. "ఇయ్యాల ఉల్లిగడ్డ కారం జర ఎక్కువైంది, చూసుకోని తిను" అని ఎప్పటిలాగే చెప్పింది. అలిగి తేవడం మానేసినా నా మాట మీద నేను నిలబడేవాణ్ణేమో. ఆ రొట్టె నన్ను నిలవనీయలేదు.

నేను వెళ్లి ఉస్తాద్ ముందు నిలబడ్డాను. విషయం చెప్పాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"తోబా తోబా! నువ్వా మియా? నువ్వు బొక్క కొడతవా?"

"నవ్వుడు అయినంక డ్రిల్ మిషన్ ఇయ్యి ఉస్తాద్."

ఆ పట్టీ ఉక్కు సామాన్యమైనది కాదు. డ్రిల్ బిట్లు వరుసగా మొద్దుబారిపోయాయి. ఒక్కో బిట్టు మొద్దుబారినప్పుడల్లా నాకు నా వేలే తెగినట్టుండేది. ఉస్తాద్ నూనె చుక్కలు పోస్తూ, "నొప్పి దానికా నీకా?" అని అడిగాడు. చివరికి బెజ్జం పడింది. కొసకు రెండు వైపులా ఇనుప రేకులు వేసి, గొలుసు లోపల సాఫీగా తిరిగేలా చోటు వదిలి, బోల్టు బిగించాం. బావ టేకు ముక్క నుంచి పిడి చెక్కి తెచ్చాడు. గరుకు కాయితంతో రుద్ది రుద్ది గాజులా నున్నగా చేశాడు. తన చేతికి కాకుండా బామ్మర్ది చేతికి సరిపోయే లావున చెక్కాడు.

ఇద్దరూ మిషన్ పట్టుకున్న తొలి రోజు నేను ఊపిరి బిగబట్టి చూశాను. పాత అలవాటు ఇద్దరికీ ఉంది కదా, ఇద్దరూ ఒకేసారి వదిలితే ఎట్లా అని భయం. వదల్లేదు. కొస అవతలి మనిషి చేతిలో ఉంటే ఎగరదు. కోత తిన్నగా దిగింది. చప్పుడులో మాటలు వినిపించవు కాబట్టి వేళాకోళాలన్నీ దుంగ తెగేదాకా దాచుకునేవారు. ముక్క కింద పడి ఇంజను ఆగీ ఆగగానే ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టేవారు. ఒక్కడు కోసే దానికంటే ఇది ఎక్కువ కోసిందా అంటే, కాస్త ఎక్కువే. రెండింతలు మాత్రం కాదు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

పెద్ద సారు జీపు దిగిన రోజు బాగా మబ్బు పట్టి ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. అడవుల్లో ఏళ్ల తరబడి నడిచి ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి. పైవాళ్లు చెప్పిన పని చేయడానికి వచ్చాడు. మిషన్ చూడగానే ఆగిపోయాడు.

"ఈ రెండో పిడి ఏమిటి? కంపెనీ ఇలాగే పంపిందా?"

"లేదు సార్. నేను పెట్టిన."

"నువ్వా?" అని నన్ను వింతగా చూశాడు. "తీసెయ్. ఇది ఒక్క మనిషి నడిపే మిషన్. ఒక్కడే నడపాలి."

బోల్టు విప్పాను. పిడి తీసి పక్కన పెట్టాను. సారు వాళ్లిద్దరి వైపు తిరిగి, "మీలో దీన్ని బాగా నడిపేది ఎవరు?" అని అడిగాడు.

బావ బామ్మర్దిని చూపించాడు. బామ్మర్ది బావను చూపించాడు. రెండు చేతులూ ఒకేసారి లేచి ఒకదానికొకటి ఎదురుగా ఆగిపోయాయి.

సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇలా తేలదు. చెరో దుంగ కోయండి. ఎవరు బాగా కోస్తే వాళ్లు ఉంటారు" అన్నాడు. అప్పటికి మధ్యాహ్నమైంది. అక్క సద్ది మూటతో గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాకుండా అక్కడే గోడ పక్కన ఆగింది.

మొదట బావ. దుంగ రెండు చివర్లా దిమ్మల మీద ఉంది, నడుము కింద ఖాళీ. అలాంటి దుంగను పైనుంచి ఆపకుండా కోస్తూ పోతే నడుము కుంగి, కోత మూసుకుపోయి, రంపాన్ని పట్టేస్తుంది. డిపో ముందు పల్లీలు అమ్ముకునే ముసలమ్మకు కూడా తెలిసిన సంగతి. జీవితమంతా దుంగలు కోసిన బావ పైనుంచి కోయడం మొదలుపెట్టి, కోతను తెరిచి ఉంచే చీల దిగ్గొట్టకుండా, ఆగకుండా, నా వైపు చూడకుండా కోస్తూనే పోయాడు. దుంగ నోరు మూసుకుంది. రంపం ఇరుక్కుపోయింది. బావ చేతులు దులుపుకుని, "నాతోని అయితలేదు సారూ. వానికి ఇయ్యుండ్రి" అన్నాడు.

గునపాలతో దుంగను లేపి రంపం బయటికి తీశాం. తర్వాత బామ్మర్ది. ఆయన ఇంకా ఘటికుడు. అసలు మొదలే పెట్టలేదు. తాడు లాగాడు, మళ్లీ లాగాడు. లాగుతూనే ఉన్నాడు. చెమటలు కారాయి, పెట్రోలు వాసన గుప్పుమంది, ఇంజను మాత్రం కిమ్మనలేదు. నేను నిలబడ్డ చోటి నుంచి స్విచ్చి కనిపిస్తోంది. అది ఆఫ్‌లో ఉంది. బామ్మర్ది బొటనవేలు దాని మీదే ఉంది.

"నాకు ఒస్తలేదు సారూ. బావకే ఒస్తది" అన్నాడు రొప్పుతూ.

బావ అటు తిరిగి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. గేటు దగ్గర అక్క మూటను రెండు చేతులతో గుండెకు అదుముకుని ఉంది. అక్కడి నుంచి ఆమెకు ఏ మాటా వినిపించదు. ఇద్దరూ ఓడిపోతున్నారని మాత్రం కనిపిస్తోంది.

పెద్ద సారు నా వైపు తిరిగాడు. "ఏమిటిది? మనుషులకు రావడం లేదా, మిషన్ పనిచేయడం లేదా?"

పిల్లలూ, నా సంగతి చెప్పాను కదా. ఆ మిషన్‌ను పొద్దున్నే నేనే విప్పి, తుడిచి, పళ్లు పదును పెట్టి బిగించాను. అంత బాగా పనిచేసే మిషన్ ఆ రోజు వరంగల్ జిల్లాలో ఇంకోటి ఉండదు. మనుషులకు రాదు అంటే ఇద్దరూ పోతారు. వాళ్లు నాటకమాడుతున్నారంటే ఒక్కడు ఉంటాడు, ఒక్కడు పోతాడు. పక్కన ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. నా నోట్లోంచి ఏం వస్తుందా అని చూస్తున్నాడు. నాకు చాలా సిగ్గనిపించింది, అయినా అన్నాను.

"మిషన్‌లోనే లోపమున్నది సార్."

"ఏం లోపం?"

"పట్టీ పొడుగెక్కువ సార్. ఒక్కడు పడితే కొస నిలవది, ఎగురుతది. చూసిన్రు గదా, ఇరుక్కుంటది, స్టార్టే కాదు. కంపెనోడు సరిగ చెయ్యలేదు. ఇద్దరు పట్టుకుంటేనే నడుస్తది."

పట్టీకీ స్టార్టు కాకపోవడానికీ ఏం సంబంధమో ఆయన అడగలేదు.

"మొన్న నాతో ఏమన్నావు? కంపెనీ మిషన్‌లో లోపం ఉండదన్నావు కదా?"

"అన్న మాట నిజమే సార్. దీంట్ల ఉన్నది."

ఉస్తాద్ గొంతు సవరించుకుని, "నేను సుత మొదటి నుంచి అదే చెప్తాన సాబ్. కంపెనోనికేం తెలుసు?" అన్నాడు. ఆయన నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి.

సారు దుంగ దగ్గరికి నడిచి వెళ్లాడు. వంగి కోత మీద వేలు పెట్టి చూశాడు. కింద ఖాళీ చూశాడు, దిమ్మలు చూశాడు. ఆ దుంగను ఎట్లా కోయాలో ఆయనకు తెలియదని నేను ఇప్పటికీ అనుకోను. లేచి బావను చూశాడు, బామ్మర్దిని చూశాడు, గేటు దగ్గర నిలబడ్డ అక్కను కూడా చూశాడు.

"అయితే ఇది ఇద్దరి మిషనే. ఆ పిడి మళ్లీ బిగించు. ఇద్దరినీ ఉంచమని నేను పైవాళ్లకు చెబుతాను" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ముందు ఆ లోపం సంగతి చూడు. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను" అని ఆఫీసు గదిలోకి వెళ్లాడు. ఆ గది కిటికీ సరిగ్గా మా షెడ్డు వైపే ఉంటుంది.

అక్క గేటు దాటి గబగబా వచ్చింది. వాళ్లిద్దరినీ అడిగే ధైర్యం లేక నన్ను అడిగింది.

"ఎవలను ఉంచిన్రు తమ్మీ?"

"ఇద్దర్నీ అక్కా."

ఆమె మళ్లీ అడిగింది. నేను మళ్లీ చెప్పాను. ఆమె అక్కడే, ఆ సగం తెగిన దుంగ మీద కూర్చుని, మూట ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆరుబయట, అంతమంది మగవాళ్ల మధ్య, కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి ఏడ్చింది. ఆమెకు ఒక పక్క మొగుడు, ఇంకో పక్క తమ్ముడు నిలబడ్డారు. నేను ఎటు చూడాలో తెలియక షెడ్డులోకి వెళ్లి మిషన్ ముందేసుకుని కూర్చున్నాను. ఆఫీసు కిటికీ తెరిచే ఉంది. స్పార్క్ ప్లగ్ విప్పాను, తుడిచాను, బిగించాను. మళ్లీ విప్పాను. ఏ లోపమూ లేని ఆ మిషన్‌ను పొద్దుగూకేదాకా అలా రిపేరు చేస్తూనే ఉన్నాను.